పంటికి పొన్ను

మొన్న హనుమకొండలో పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలి ఉండగా నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ డాక్టరమ్మాయి మీద కాదు. ఆమెకు నా మనవరాలి వయసుంటుంది. ఏం చేయబోతున్నా ముందు చెప్పి మరీ చేస్తోంది. కింది దవడలో దంతం తీసేసిన చోట ఎముకలోకి ఒక స్క్రూ దించి, దానిమీద కొత్త పన్ను నిలబెడతానంది. ప్లాస్టిక్ దవడ బొమ్మ చేతిలో పట్టుకుని ఓపిగ్గా వివరించింది.

"ఎముకలోకి పోయేది ఒక ముక్క, పైన పన్నును మోసేది ఇంకో ముక్క అమ్మా. ఈ రెండూ కలిసే చోటే అసలు సంగతంతా ఉంటుంది. పాత రకంలో పైముక్క ఊరికే మీద కూర్చునేది. నమిలేటప్పుడు పక్కనుంచి పడే బలమంతా మధ్యలో ఉన్న సన్నటి స్క్రూ మీదే పడేది. అది వదులయ్యేది, ఒక్కోసారి విరిగేది. ఇప్పటివాటిలో పైముక్క లోపలికి లోతుగా దిగుతుంది, చుట్టూ గోడ దాన్ని పట్టుకుంటుంది. బలం గోడలకు పంచుకుపోతుంది."

ఆ తర్వాత ఎక్స్‌రే చూస్తూ ఆగింది. పై వరసలో నా ముందుపన్ను మీద వేలు పెట్టి, "ఇదెవరు చేశారమ్మా? వేరులోకి ఇంత పొడుగు పిన్ను, చుట్టూ పట్టీ. నలభై ఏళ్లు దాటిందంటున్నారు, ఇంకా కదల్లేదు. ఎవరో పెద్ద డాక్టరై ఉంటారు" అంది.

"డాక్టరు కాదు" అన్నాను. గొంతు గట్టిగా వచ్చినట్టుంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, నొప్పి పెట్టానేమోనని క్షమాపణ అడిగింది.

డాక్టరు కాదు. కొత్తవాడలో ఒక ఇరుకు గదిలో కట్టుడు పళ్లు తయారుచేసే మెకానిక్. ఏడో తరగతితో చదువు ఆపినవాడు. ఇప్పుడు ఆ అమ్మాయి బొమ్మ పట్టుకుని చెప్పిన మాటనే ఆయన డెబ్బైల చివర్లో ఇదే ఊళ్లో చెప్పాడు. చెప్పినందుకు ఆయన నోరు మూయించారు. మూయించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్న రోజుల్లో ఆ పేరుకు ముందు దొంగ డాక్టరు అని తగిలించి ఊరంతా తిప్పారు. ఇప్పుడు నేను రాసినంత మాత్రాన ఆ మరక పోదు.

అప్పుడు మేం కొత్తవాడలో అద్దెకుండేవాళ్లం. నేను ఆడపిల్లల బడిలో సైన్సు టీచర్ని. ఆయన గది మా వెనక సందులో ఉండేది. గోడకు అటువైపు జంపఖానాలు నేసే మగ్గాల చప్పుడు, ఇటువైపు ఆయన పళ్లు అరగదీస్తూ కాలితో తొక్కే మర రొద. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా ప్లాస్టర్ పొడి, గదినిండా కరిగిన మైనం వాసన. సన్నగా, పొడుగ్గా, ఎవరితోనో అప్పుడే తగాదా పడి వచ్చినట్టుండేవాడు. మనిషి ఎదురుపడితే కళ్లలోకి చూసేవాడు కాదు, నోటివైపు చూసేవాడు. "కుడిదిక్కే నములుతానవ్, ఎడమ దిక్కు ఏమైంది?" అని మొదటి పలకరింపుగా అడిగేవాడు. చాలామందికి ఒళ్లు మండేది.

ఊరందరికీ పళ్లు చేసే ఆయనకు పైన రెండు ముందుపళ్లు లేవు. పెట్టించుకోలేదు. అడిగితే, "నా పండ్లతోని ఎవలకు పని? నేను నవ్వేది లేదు, పాడేది లేదు" అని కసిరేవాడు.

ఏ వస్తువైనా రెండు ముక్కలు కలిసే చోట పట్టుకుని ఊపి చూడటం ఆయనకు అలవాటు. మా ఇంటికొస్తే కూర్చోబోయే ముందు కుర్చీని తలకిందులు చేసేవాడు. రోడ్డుమీద ఆగివున్న సైకిల్ కనిపిస్తే, అది ఎవరిదైనా సరే, హ్యాండిల్ పట్టుకుని కుదిపేవాడు. ఒకసారి బస్టాండు దగ్గర రిక్షా అతన్ని నిలబెట్టి, చక్రం ఇరుసు దగ్గర వదులైందని నలుగురిలో తిట్టాడు. "గిది ఊడిపోతే ఎక్కినోళ్లు ఏమైతరు? చూసుకోవద్దా?" రిక్షా అతను కూడా తిరిగి తిట్టాడు. ఈయన ఆ తిట్లన్నీ పడుతూనే నేలమీద కూర్చుని మేకు బిగించి, తిట్టుకుంటూ లేచాడు.

ఎదుటివాళ్లను మెప్పించే మెహర్బానీ మాటలు ఆయనకు రావు. మిరపకాయల వ్యాపారి ఒకాయన ముందుపంటికి బంగారు తొడుగు కావాలని, డాక్టరు తీసి పంపిన నోటి అచ్చు వెనకాలే తనూ వచ్చి కూర్చున్నాడు. మన మెకానిక్ ఆ అచ్చును వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. "ఈ పన్ను మంచిగున్నది సావుకారీ. మంచిదాన్ని అరగదీసి మీద డబ్బ తొడగమంటానవ్. నేను తొడగ. దుకాణం బోర్డుకు పెట్టుకో పో బంగారం" అన్నాడు. వ్యాపారి లేచి వెళ్లిపోయాడు. వచ్చిన బేరం పోగొట్టాడని ఆ రోజంతా మెకానిక్ భార్య ఆయనతో మాట్లాడలేదు.

నా కథ రిక్షా బోల్తా పడటంతో మొదలైంది. పై వరసలో ముందుపన్ను చిగురు దాకా విరిగింది. క్లాసులో నోరు తెరవాల్సిన దాన్ని, అప్పటికి పాతికేళ్లదాన్ని. మేడమీద క్లినిక్ పెట్టిన డాక్టరు దగ్గరికి పోయాను. ఊళ్లో ఆయనకు మంచి పేరు. పెద్ద ఊళ్లో చదివి వచ్చాడు, మా బడి కమిటీలో సభ్యుడు కూడా. వేరును శుభ్రం చేసి, అందులోకి పిన్ను దించి పన్ను నిలబెట్టాడు. నాలుగు నెలలు బాగానే ఉంది. ఒకరోజు జామకాయ కొరికితే పన్ను పిన్నుతో సహా చేతిలోకి వచ్చింది. మళ్లీ అతికించాడు. రెండు నెలలకు, నీటి ఆవిరి గురించి పాఠం చెబుతుంటే ఊడి నా పుస్తకం మీద పడింది. పిల్లలు నవ్వారు. అతికించిన నెలకే మూడోసారి ఊడితే డాక్టరు విసుక్కున్నాడు. "గట్టివి కొరకొద్దని చెప్పానా లేదా? మీరు జాగ్రత్తగా లేకపోతే నేనేం చేయను?"

మేం అద్దెకున్న ఇంటామె, ఆ డాక్టరుకు పళ్లు చేసిచ్చేది వెనక సందు ఆయనేనని చెప్పి తీసుకుపోయింది. పన్ను చేతిలో పెట్టాను. పిన్ను బియ్యపు గింజంత ఉంది, కొసకు పోను పోను సన్నబడింది. ఆయన పిన్నును గోటితో కొసదాకా తడిమి చూశాడు.

"నేను చేసిందే" అన్నాడు. "నీ సంచిల సుద్దముక్కలు ఉన్నయా టీచరమ్మా?"

మూడు ఇచ్చాను. మర తొక్కుతూ ఒకదాని కొసలో కొంచెం లోతుగా రంధ్రం చేసి, పొట్టి మేకు దించి, మేకు తలను బొటనవేలితో పక్కకు నొక్కాడు. సుద్దముక్క మూతి దగ్గర పుటుక్కున విరిగింది. రెండోదానికి సగం దాకా రంధ్రం చేసి పొడుగు మేకు దించాడు. అది కొంతసేపు ఆగింది గానీ, గట్టిగా నొక్కేసరికి నిలువునా చీలింది. మూడోదానికి అంతే లోతు, అదే మేకు. కాకపోతే మూతి చుట్టూ రాగితీగ బిగించి చుట్టాడు. వేలి గోరు తెల్లబడేదాకా నొక్కాడు. అది చెక్కుచెదరలేదు.

"రోకలికి పొన్ను ఎందుకేస్తరు?" అని అడిగాడు.

"దంచుతుంటే కొస పగలకుండా, ఇనుప కట్టు."

"మరి పంటికెందుకు ఎయ్యరు? నువ్వు నాతోని ఒక్క మాట మాట్లాడెలోపు ఆ పంటి మీద ఎన్నిసార్లు పోటు పడ్తదో తెలుసా? పన్ను ఏం బలం లేనిది కాదు. పిన్ను ఏం చెడ్డది కాదు. రెండు కలిసే కాడ పట్టులేదు. పిన్ను లోపలికి దిగాలె, చుట్టు పొన్ను పట్టుకోవాలె. అప్పుడు బరువు వేరంత మోస్తది. లేకుంటే మూతి ఒక్కటే మోసి మోసి పగుల్తది. పగిలినంక దేవుడొచ్చినా అతకడు."

నేను పిల్లలకు తులాదండం బొమ్మ వేసి, బలం ఎక్కడ పడుతుందో గుర్తించమని మార్కులు వేసేదాన్ని. నా నోట్లో బలం ఎక్కడ పడుతోందో నాకు తెలియలేదు. సిగ్గు వేసి, ఆ సిగ్గుతోనే కొంచెం కటువుగా అడిగాను. "ఇంత తెలిసి మరి ఎందుకు చేశావు కాకా?"

ఆ మాటకు ఆయన మీద పిడుగు పడ్డట్టయింది. "ఎందుకు చేసిన? ఆయన తవ్విన లోతే నాకు అచ్చుల వస్తది. నేను నోట్ల ఏలు పెడతనా? డాక్టర్ను కాదు గద. పెడితే జైలుకు పోతా. ఎన్నిసార్లు చెప్పిన, సార్, జర లోతుకు తియ్యుండ్రి, చిగురు పైన వేరు అంచు ఇంత ఉంచుండ్రి, పొన్నుకు జాగ కావాలె అని. నువ్వు మెకానిక్‌వి, చెప్పింది చెయ్ అంటడు. లోతు తియ్యాల్నంటే ఇంకో అర్ధగంట కూసోవాలె. బయట బల్లమీద మంది కూసున్నరాయె."

లేచి గోడకున్న చెక్క అర చూపించాడు. అరనిండా తెల్లటి ప్లాస్టర్ అచ్చులు. తిరిగొచ్చినవన్నీ పారేయకుండా దాచాడు. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో, ఎవరిదో, వేరు పగిలిందో, పీకేశారో రాసుకున్నాడు. ఒకదాన్ని తీసి నా ముందు పెట్టాడు. "పెండ్లి కావాల్సిన పిల్ల. ఊరు తొర్రూరు దిక్కు. వేరు చీలింది, పీకిన్రు. నేను చేసిన పిన్నే చీల్చింది." ఆయన గొంతులో కోపం తప్ప ఇంకేమీ లేదు. అది సగం తనమీదే అని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పన్నును మళ్లీ మేడమీది డాక్టరు చేతే అతికించుకున్నాను. కొన్నాళ్ల తర్వాత ఒక శనివారం సాయంత్రం, మెకానిక్ ఆ అచ్చులన్నీ గోనెసంచిలో వేసుకుని మా ఇంటికొచ్చాడు. డాక్టరు ముందు పెట్టి తేల్చుకుంటానన్నాడు. "నువ్వు సదువుకున్నదానివి. నేను చెప్పినంక నువ్వు ఒక్క మాట చెప్పు, మూడుసార్లు ఊడిందని. గంతే చాలు." వస్తానన్నాను. నిజంగానే, ఆ క్షణాన చెప్పాలనే అనుకున్నాను.

క్లినిక్ నిండా జనం. ఆయన లోపలికి పోయి, డాక్టరు బల్లమీద అచ్చులు వరసగా పేర్చాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. "ఇవి మీరు పంపినయి, నేను చేసినయి, తిరిగొచ్చినయి సార్. తప్పు ఇద్దరిది. మీరు జర లోతు తీస్తే నేను పొన్ను పెట్టి చేస్త. ఎక్కువ పైసలు ఒద్దు నాకు."

డాక్టరు మొదట నవ్వాడు. తర్వాత తలుపు దగ్గర జనం వింటున్నారని గమనించాడు. "నీకు డెంటిస్ట్రీ ఎవడు నేర్పాడు? పేషెంట్లు ఇష్టమొచ్చినట్టు కొరికితే పళ్లు విరగవా?" అని నావైపు తిరిగాడు. "టీచర్‌గారూ, మీరే చెప్పండి. నా ట్రీట్‌మెంట్‌లో తప్పుందని మీరన్నారా?"

ఆ నెలలోనే కమిటీలో నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఉంది. ఆ కాగితం మీద సంతకం చేసేవాళ్లలో ఆయనొకడు. ఇది సాకుగా రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను.

"లేదు సార్. నేనే జామకాయ కొరికాను" అన్నాను.

మెకానిక్ నన్ను చూడలేదు. అచ్చులు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకున్నాడు. మెట్లు దిగుతుంటే ఒకటి జారిపడి ముక్కలైంది. వంగి ఏరుకోలేదు. దారిలో పోయే రిక్షా మీద కూడా అరిచే మనిషి, ఇంటిదాకా నా పక్కన నడిచి ఒక్క మాట అనలేదు. సందు మలుపులో తన దారిన తను పోయాడు.

మేడమీది డాక్టరు పని పంపడం మానేశాడు. మిగతా ఇద్దరు ముగ్గురూ మానేశారు. కొత్తవాడలో ఒకడు డాక్టరునని చెప్పుకుని గదిలో పళ్లు పీకుతున్నాడని ఎవరో ఫిర్యాదు రాశారు. జన్మలో ఒకరి నోట్లో వేలు పెట్టని మనిషి మీద ఆ ఫిర్యాదు. పోలీసులు వచ్చి కాలి మరను రిక్షాలో వేసుకుపోయారు, ఆయన్ను చీకటిపడేదాకా స్టేషన్‌లో నేలమీద కూర్చోబెట్టారు. మర తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆయన మగ్గాల చెక్కలు బిగిస్తూ, కళ్లజోళ్ల కాడలు అతుకుతూ బతికాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

కొద్ది నెలలకు నా పన్ను మళ్లీ ఊడింది. ఈసారి మేడ మెట్లు ఎక్కలేకపోయాను. వెనక సందుకు పోయాను. ఆయన గుమ్మంలో కూర్చుని మగ్గం చెక్క చెక్కుతున్నాడు.

"ఎందుకొచ్చినవ్?"

తప్పు చేశాననీ, క్షమించమనీ ఏదో అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఏడ్సుడు బంద్ జెయ్. నోరు తెరువు." ముట్టుకోకుండా, టార్చి వేసి చూశాడు. "వేరు ఇంక పగల్లె. ఇప్పుడన్న కాపాడుకో."

ప్రభుత్వ దవాఖానకు కొత్తగా ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఈయన అతని దగ్గరికీ పోయి సుద్దముక్కలు విరిచి చూపించాడట. "గా పిలగాడు ఇన్నడు" అన్నాడు. ఆయన నోట ఒకరి గురించి మెచ్చుకోలు విన్నది అదొక్కసారే. నన్ను తీసుకుపోయి, తాను గది బయటే నిలబడ్డాడు. కుర్ర డాక్టరు వేరులో లోతు తీసి, మైనంతో అచ్చు తీసి బయటికి పంపడం, ఈయన చూసి "ఇంకో రెండు గింజలంత" అని తిప్పి పంపడం. అలా మూడుసార్లు. చిగురు అంచు కొంచెం తీసి, పొన్నుకు చోటు చేశారు. మర లేదు కాబట్టి సందులో బంగారం పనిచేసే అవుసలాయన దగ్గర లోహం పోయించి, పది రోజులు చేత్తో ఆకురాయి పట్టి అరగదీశాడు.

పన్ను కూర్చున్న రోజు ఆయనకు దండం పెట్టబోయాను.

"నీ కోసం చెయ్యలె" అన్నాడు. "గా వేరు ఏం పాపం చేసింది? దాని కోసం చేసిన. నీ మీద కోపం పోలె. పోదు కూడ."

పోలేదు. ఆ తర్వాత నాలుగైదేళ్లు ఒకే వాడలో ఉన్నాం. ఎదురుపడితే నా పన్ను వైపు చూసేవాడు, ముఖం వైపు చూసేవాడు కాదు. ఎనభైల నడుమ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఏళ్ల తరబడి పీల్చిన ప్లాస్టర్ పొడి అన్నారు. శవం లేచేటప్పుడు గుంపులో వెనక నిలబడి చూసి వచ్చాను.

అది జరిగిన మరుసటి ఏడాది మా బడి వార్షికోత్సవానికి మేడమీది డాక్టరు ముఖ్య అతిథి. పళ్లు ఎలా తోముకోవాలో చెప్పి, ఊళ్లో దొంగ వైద్యుల గురించి ఎత్తుకున్నాడు. "ఈ పక్కనే కొత్తవాడలో ఒకడుండేవాడు. మెకానిక్. జనం పళ్లు పాడుచేస్తుంటే నేనే పట్టించాను" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా పిల్లలు, నేను పాఠం చెప్పే పిల్లలు.

వందన సమర్పణ నాది. రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టాను. మైకును దగ్గరికి లాక్కున్నాను.

"ఇప్పుడు సార్ చెప్పిన ఆ మనిషి ఎవరి పన్నూ పాడుచేయలేదు. పాడుచేసింది సార్. నా పన్ను మూడుసార్లు ఊడింది. ఎందుకు ఊడుతోందో ఆ మెకానిక్ వచ్చి చెబితే సార్ ఆయన్ను వెళ్లగొట్టి, పోలీసులకు పట్టించారు. ఆ రోజు నన్ను సాక్ష్యం అడిగితే నేను అబద్ధం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టింది నా అబద్ధానికి" అన్నాను. ఇంకా చెప్పేదాన్నే. ఎవరో మైకు తీగ పీకేశారు.

సోమవారం మెమో వచ్చింది. సైన్సు తీసేసి, చిన్న పిల్లల సెక్షనుకు మార్చారు. డాక్టరుకు ఏమీ కాలేదు. ఆ మరునాడు కూడా ఆయన బల్లమీద జనం అలాగే కూర్చున్నారు. కొందరు నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నాకు వాళ్లమీదా కోపం వచ్చింది. ఉద్యోగం ఖాయమయ్యాక, మనిషి పోయాక, మైకు ముందు మాట్లాడటం ఏం ధైర్యం?

సభ జరిగిన రోజు సాయంత్రమే వెనక సందుకు పోయాను. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని మగ్గాలకు కండెలు చుడుతోంది. పక్కన కూర్చుని, సభలో డాక్టరు ఏమన్నాడో, నేనేమన్నానో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. నూలు ఒక కండె నిండాక తీసి బుట్టలో వేసి, ఇంకొకటి ఎక్కించింది.

"పోలీసోళ్లు తీస్కపోయిన దినం గూడ ఇంటికొచ్చి కడుపునిండ బువ్వ తిన్నడు బిడ్డా" అంది. "వాళ్లను తిట్టుకుంట తిన్నడు. నువ్వు డాక్టర్ కాడ మాట మార్చిన దినం తినలె. పక్కకు తిరిగి పండుకున్నడు. ఏమైందంటే చెప్పలె. టీచరమ్మను అడుగుతనంటె, ఆమెకు గూడ ఏదో కష్టం ఉండొచ్చు, అడగకు అన్నడు."